రోహిణి కార్తెలో ఉద్దానం

శ్రీకాకుళం జిల్లా సముద్రతీరంలోని ఉద్దానం పేరు పేపర్లో కనబడిందంటే ఈ మధ్య రెండే సంగతులు. ఒకటి కిడ్నీ జబ్బు, రెండోది 2018లో వచ్చిన తిత్లీ తుఫాను. రెండూ నిజమే, రెండూ చిన్నవి కావు. నాకు మాత్రం ఆ పేరు వినగానే పండిన పనసకాయ వాసన, దాని వెనకే కాలుతున్న జీడిపిక్కల పొగ గుర్తొస్తాయి. తొంభైల్లో ఓ వేసవి చివర అక్కడి తోటలో గడిపిన ఒక్క రోజు వల్ల ఇదంతా.

యూనివర్సిటీ హాస్టల్లో నా రూమ్మేటుది కవిటి దగ్గర ఓ పల్లె. సెలవులకి ఊరెళ్లి వచ్చాడంటే వాడి ట్రంకుపెట్టెలో బట్టలకంటే తిండే ఎక్కువ ఉండేది. పాత చొక్కాలో మూటకట్టిన జీడిపప్పు, ఎండబెట్టిన మామిడి టెంకలు, ఒక్కోసారి దారిలో కొన్న మందస కోవా. కోవా వచ్చిందని కారిడార్లో ఎలా తెలిసిపోయేదో గానీ, పెట్టె మూత పూర్తిగా లేచేలోపే గది నిండిపోయేది. "ఇక్కడ ఎగబడ్డం కాదురా, ఓసారి తోటకి రండి" అని వాడు పిలుస్తూనే ఉండేవాడు. పరీక్షలయ్యాక ఆ ఏడు నేనూ, ఇంకో మిత్రుడూ బయల్దేరాం. నాది గుంటూరు వైపు. మిరప చేలూ పత్తి చేలూ చూస్తూ పెరిగాను. తోట అంటే నా లెక్కలో తాడు పట్టి వరసగా నాటిన నిమ్మచెట్లు.

విశాఖలో పలాస పాసింజరు ఎక్కాం. అది పొందూరు, తిలారు, కోటబొమ్మాళి అంటూ ఏ స్టేషన్నీ చిన్నబుచ్చకుండా అన్నిచోట్లా ఆగింది. నౌపడా దగ్గర ఉప్పు మడుల తెల్లదనం ఎండలో కళ్లలో పొడిచింది. పలాసలో దిగగానే గాలిలో ఓ ఘాటు. గొంతులోకి పోయి దగ్గొచ్చింది. "ఫ్యాక్టరీలు. జీడిపిక్కలు కాలుస్తున్నారు" అన్నాడు మావాడు, సొంత ఇంటి వాసన పీల్చినట్టు ఛాతీ నిండా గాలి తీసుకుంటూ. అక్కణ్నుంచి బస్సు, ఆ తర్వాత చీకట్లో ఇసక దారిన నడక. ఇల్లు చేరేసరికి భోజనాల వేళ దాటిపోయింది. వాళ్లమ్మగారు అరుగు మీద లాంతరు పెట్టుకుని కూచుని ఉన్నారు. "ఏటి బాబూ ఇంతసేపు? పాసింజరు లేటా?" అన్నారు. మొదటిసారి చూసిన మనిషిని అడిగినట్టు లేదు, రోజూ చూసే మనిషిని అడిగినట్టుంది.

పొద్దున్న లేచి పెరటి తలుపు తీశాక గానీ తోట కనపడలేదు. కనపడింది అనడం కూడా తప్పేమో, ఎందుకంటే ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో తెలియడానికి గట్టు లేదు, కంచె లేదు. అన్నిటికంటే పైన కొబ్బరి. దాని కింద పనస, మామిడి. వాటి కింద జీడి, గొడుగుల్లా నేలదాకా కొమ్మలు దించుకుని. ఇంకా కింద అరటి, మునగ, కంద. ఒక్క చెట్టూ ఇంకో చెట్టుతో వరసలో లేదు. మా వైపు రైతు ఎవరైనా చూస్తే ఇదేం సేద్యం అనేవాడు.

నా మొహం చూసి వాళ్ల నాన్నగారికి అర్థమైనట్టుంది. పంచె మోకాళ్ల పైకి కట్టి, తువ్వాలు తలకి చుట్టుకుని, నన్ను తిప్పుతూ చెప్పుకొచ్చారు. సముద్రం వైపు అంచున జీడి వేస్తారట, ఉప్పుగాలినీ ఒట్టి ఇసకనీ అది తట్టుకుంటుంది కాబట్టి. బావి చుట్టుపక్కల కొబ్బరి. ఇంటికి దగ్గర్లో పనస, ఎందుకంటే పండే వేళకి నక్కలూ మనుషులూ కూడా దాని మీదే కన్నేస్తారు. కొబ్బరి ఏడాది పొడుగునా దింపులకొస్తుంది. శివరాత్రి వెళ్లిందంటే జీడి మొదలు. ఆ సమయానికే లేత పనసకాయలు లారీలెక్కి ఒరిస్సాకీ బెంగాల్‌కీ పోతాయి. మామిడి మాత్రం అమ్మరు, ఇంట్లోకీ చుట్టాలకీ. "ఒకటి పోతే ఒకటి నిలబెడతాది బాబూ. మాకు బేంకులూ గీంకులూ ఏటీ నేవు. పెద్దమ్మాయి పెళ్లి ఆ కొబ్బరి సేసింది. ఈడి సదువు ఆ జీడి సెప్తంది" అన్నారు, కొడుకు వైపు గడ్డం ఎత్తి. మావాడు వేరే వైపు చూశాడు. సెమిస్టర్ మార్కుల సంగతి మాకు తెలుసు కదా.

ఉద్దానాన్ని రెండో కోనసీమ అంటుంటారు. రెండూ చూసినవాడిగా నాకు ఆ పోలిక అంతగా నచ్చదు. కోనసీమకి గోదావరి కాలువలున్నాయి. ఇక్కడ కాలువ లేదు. హైవేకీ సముద్రానికీ మధ్య పరుచుకున్న ఇసక నేల, దానికి చేత్తో తోడి పోసిన నీళ్లు, అంతే. ఆ సంగతి సాయంత్రం గానీ నాకు తెలియలేదు.

పది గంటలయ్యేసరికి పిల్లలు పోగయ్యారు. మావాడి తమ్ముడు, పెదనాన్న పిల్లలు, పక్కింటివాళ్లు. చెట్ల మధ్య కాస్త ఖాళీ జాగాలో మూడు రాళ్లు పెట్టి, వాటిమీద పగిలిన కుండ పెంకు ఒకటి బోర్లించకుండా నిలబెట్టారు. కింద ఎండిన కొబ్బరి మట్టలు. జీడి కాపు అప్పటికి అయిపోవచ్చింది. పిల్లలు తెల్లారే చెట్ల కిందంతా వెతికి ఆఖరి పళ్లు ఏరుకొచ్చి, పిక్కలు మెలితిప్పి తీసి లాగూ జేబుల్లో దాచుకున్నారు. పిక్కల్ని పెంకులో పోశారు.

వంట పెత్తనం పదేళ్ల పిల్లది. పొడుగాటి పచ్చి కర్ర ఒకటి పట్టుకుని, మొహం ఓ పక్కకి తిప్పుకుని కలుపుతోంది. కాసేపు ఏమీ లేదు. తర్వాత పిక్కల మీద చెమట పట్టినట్టు నూనె ఊరింది. చిటపటలాడింది. నల్లటి పొగ లేచింది, పలాసలో దగ్గు తెప్పించిన పొగే. ఉన్నట్టుండి ఆ నూనె భగ్గుమని అంటుకుంది. మంట ఆ పిల్ల తల ఎత్తుకి లేచింది. నేను వెనక్కి గెంతాను, ఆ పిల్ల మాత్రం కర్ర ఆపలేదు. "ఇంకా ఉంది" అంటూ మంటలోకి చూస్తోంది. ఏం చూస్తోందో నాకు తెలియలేదు. "ఇప్పుడు" అని అరిచి కర్రతో పెంకుని ఒక్క తోపు తోసింది. మండుతున్న పిక్కలు ఇసక మీద దొర్లాయి. కాచుకుని కూచున్న మిగతా పిల్లలు దోసిళ్లతో ఇసక విసిరి ఆర్పేశారు.

బొగ్గు ముక్కల్లా ఉన్నవాటిని చల్లారనిచ్చి రాయి మీద నిలువుగా పెట్టి ఇంకో రాయితో కొట్టాలి. గట్టిగా కొడితే పప్పు నుజ్జు, మెల్లిగా కొడితే పెంకు పగలదు. పిల్లలు చేతులకి ముందే బూడిద రాసుకున్నారు. జీడి నూనె చర్మానికి తగిలితే పొక్కిపోతుంది. పలాస ఫ్యాక్టరీల్లో పిక్కలు కొట్టే ఆడవాళ్ల వేళ్లు నల్లబడిపోయి ఉండేవి, ఆ నలుపు ఎన్ని సబ్బులు రుద్దినా పోదని మావాడు చెప్పాడు. ఆ పిల్ల కొట్టి నా చేతిలో పెట్టిన మొదటి పప్పు ఇంకా వేడిగా ఉంది. ఎర్రటి పొట్టు సగం ఊడి, ఓ వైపు కాస్త మాడి, లోపల పాలు తాగినంత తియ్యగా. పెళ్లి పాయసంలో జీడిపప్పు బద్ద తగిలితే సంబరపడే వయసు నాది. ఇక్కడ దోసిలితో తింటున్నాం.

తింటూంటే పెద్దాయన వచ్చి కూచుని లెక్క చెప్పారు. జీడి బేరంలో బస్తా అంటే 80 కిలోలు. అన్ని పిక్కలు కొడితే వచ్చే పప్పు అందులో నాలుగో వంతు, అంతే. విరగని గుళ్లు వేరు, విడిపోయిన బద్దలు వేరు. గుళ్లలో మళ్లీ రకాలు. 320 రకం అంటే పౌను (సుమారు 450 గ్రాముల) తూకానికి మూడొందలకి పైగా గుళ్లు, 180 అంటే ఇంకా లావువి. లావు పెరిగేకొద్దీ ధర. "గుళ్లు దుబాయి ఎల్తాయి, బద్దలు మీ పాయసంలోకొస్తాయి" అన్నారు పెద్దాయన నవ్వి. ఇప్పుడు ఆఫ్రికా దేశాల నుంచి పిక్కలు దిగుమతి చేసుకుని మరీ పలాసలో కొడుతున్నారు. స్థానిక రైతు తన బస్తాకి ధర రావడం లేదని రోడ్డెక్కడం కూడా మామూలైపోయింది. సూపర్ మార్కెట్లో అరకిలో ప్యాకెట్టు ధర చూసినప్పుడు ఆ డబ్బంతా ఎక్కడ ఆగిపోతోందా అనిపిస్తుంది నాకు.

జీడిపండు సంగతి చెప్పాలి. పిక్కకి ఉన్న గిరాకీ పండుకి లేదు. చెట్టు కింద కుళ్లిపోతుంటుంది. పచ్చగా, ఎర్రగా ఎంత అందంగా ఉంటుందో, కొరికితే గొంతు అంత పట్టేస్తుంది. ముక్కలు కోసి ఉప్పు అద్దుకుని తింటే కాస్త వగరు తగ్గుతుంది. రసం బట్టల మీద పడిందా, మరక ఇక ఆ చొక్కా ఉన్నంతకాలం ఉంటుంది. అందుకే పిల్లలంతా చొక్కాలు విప్పేసి తింటున్నారు. "ఈ బాబుకి తినడం తెల్దు, సొక్కా తీసీమను" అని వాళ్ల మామ్మ అరుగు మీంచి కేక.

మధ్యాహ్నం భోజనం అరిటాకుల్లో. పనస పిక్కలూ మునక్కాడలూ వేసిన కూర, ఎండు నెత్తళ్లు వేసిన మామిడికాయ పులుసు. మా వైపు చేపల పులుసు అంటే కారం ముందు తగులుతుంది. ఇక్కడ పులుపు ముందు తగిలి, ఆనక మెల్లిగా ఎండు చేప రుచి వచ్చింది. మా మూడో మిత్రుడు శాకాహారి. వాడి కోసం పచ్చి పనసకాయతో మసాలా కూర చేశారు. ఆ ముక్క నమిలితే మాంసం ముక్క లాగే పీచుపీచుగా విడిపోతుంటే వాడు అనుమానంగా ఆగిపోయాడు. వాళ్లమ్మగారు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. "పనసే బాబూ, ఒట్టు. కావలిస్తే తొక్క సూపిస్తాను" అని నిజంగానే వెళ్లి తొక్క తెచ్చి చూపించారు. అక్కడి పెళ్లిళ్లలో ఈ కూర లేకపోతే అలుగుతారట చుట్టాలు.

ఆ తోటలో ప్రతి పనస చెట్టుకీ ఓ పేరు ఉంది. బావి పనస, సాల పనస, దొంగ పనస. (దొంగ పనస కాయలు ఆకుల్లో దాక్కుంటాయి, పండి వాసనొచ్చే దాకా కనపడవు.) అన్నిటికంటే పెద్దది మామ్మ పనస. ఆవిడ కాపురానికొచ్చిన ఏడు నాటిన చెట్టు. ఇద్దరం చేతులు చాచినా అందనంత మొదలు. కాయలు కొమ్మలకి కాక మొదలుకే, కొన్ని నేలకి ఆనుకుని కాసేవి. గట్టి తొనల చెట్టు అది. పనసలో రెండు జాతులు. ఒకటి నోట్లో వేసుకుంటే జారిపోయే మెత్తటి తొనలు, రెండోది కరకరలాడే గట్టి తొనలు. ఉద్దానంలో ఏ ఇంట్లో ఏది గొప్ప అన్న వాదన ఎప్పటికీ తెగదు. మామ్మ గట్టి తొనల పార్టీ.

ఏ కాయ పండిందో ఆవిడే చెప్పాలి. కర్ర పుచ్చుకుని చెట్టు చుట్టూ తిరుగుతూ ఒక్కో కాయనీ గుండెని పరీక్షించే డాక్టర్లా వేళ్లతో తట్టింది. పచ్చి కాయ గట్టిగా టకటకమంటుంది. పండినది లోపల బోలు ఉన్నట్టు డబ్బుమంటుంది. ముళ్లు కూడా చూడాలి. దగ్గర దగ్గరగా వాడిగా ఉంటే పచ్చి, విడిపోయి మొద్దుబారితే పండు. "ఇది రేపటికి. ఇది ఎల్లుండికి. ఇదిగో, ఇది కొయ్యండి" అంది. అదే అన్నిటికంటే చిన్నది. మేం నిరాశగా చూస్తే, "పెద్దదాన్లో పొట్టు ఎక్కువ. తిన్నాక మాటాడండి" అంది.

గోనెసంచి పరిచారు. కత్తికీ, మా అరచేతులకీ కొబ్బరినూనె. పనస పాలు అంటుకుంటే వదలవు. మావాడు కాయని అడ్డంగా రెండు ముక్కలు చేశాడు. కోసిన చోట తెల్లటి పాలు బొట్లు బొట్లుగా ఊరుతుంటే కొబ్బరి పీచు ఉండతో తుడుచుకుంటూ పోయాడు. మధ్యలో తెల్లటి కాండం కోసి తీసేశాక, రెండు చేతులతో పట్టుకుని తిరగేసి వంచాడు. తొనలు పైకి లేచాయి. ముదురు పసుపు. ఈగలు మాకంటే ముందే వచ్చాయి. నేను ఎన్ని తిన్నానో నాకే తెలియదు. మామ్మ మాత్రం లెక్కపెట్టి, "ఇంక సాలు, పైన మజ్జిగ తాగు, నేకపోతే కడుపు పట్టుకుని కూకుంటావు" అని తనే చెంబు పట్టుకొచ్చింది. పిక్కలన్నీ విడిగా బుట్టలోకి. పొయ్యి నుసిలో కాల్చుకుంటారు, కూరలో వేస్తారు. తొక్కలూ పొట్టూ ఆవులకి. ఒక్క ముక్క పారేసింది లేదు.

ఆ మధ్యాహ్నం నిద్ర గురించి పెద్దగా చెప్పేదేం లేదు. జీడిచెట్టు కింద మడత మంచం, పైన ఎక్కడో కొబ్బరాకుల రొద, దాని వెనక సముద్రం హోరు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు గానీ వడగాడ్పు ఆ ఆకుల్లోంచి దూరి మా దాకా రాలేదు. లేచేసరికి నీడలు సాగి ఉన్నాయి.

సాయంత్రం పని మొదలైంది. నేలబావి అక్కడే మొదటిసారి చూశాను. గిలక లేదు, మోటారు లేదు. ఇసకలో ఏటవాలుగా తవ్విన గొయ్యి, మెట్లలా చదునుచేసిన దారి, అడుగున తేటగా నీళ్లు. కావిడికి రెండు కుండలు. ఆగకుండా దిగడం, కుండలు ముంచడం, ఎక్కడం, మొక్కల మొదట్లో పోయడం. కొత్తగా వేసిన కొబ్బరి మొక్కలకి వేసవంతా ఇలా పొయ్యకపోతే బతకవట. పెద్దాయనా, మావాడూ చెరో కావిడి వేసుకుని సందు లేకుండా తిరుగుతుంటే మేం సిగ్గుపడి మాకూ ఇమ్మన్నాం. భుజం మీద బద్ద పెట్టుకోగానే ముందు కుండ ఓ వైపు, వెనక కుండ ఓ వైపు ఊగి సగం నీళ్లు మా కాళ్ల మీదే పోయాయి. వాళ్ల నడకలో ఓ గమ్మత్తుంది. చిన్న చిన్న అడుగులతో, మోకాళ్లు కాస్త వంచి, కుండల ఊపుకి తమ ఊపు కలిపి నడుస్తారు. చుక్క ఒలకదు. పొద్దున్న నేను తలెత్తి చూసిన ఆ కొబ్బరిచెట్లన్నీ ఇలా భుజాల మీద పెరిగినవేనని అప్పుడు తెలిసింది.

పని అయ్యాక అదే బావిలో నీళ్లు దోసిటపట్టి తాగాం. చల్లగా, తియ్యగా ఉన్నాయి. ఆ రుచి గురించి హాస్టల్లో చాలాకాలం చెప్పాను కూడా. ఇప్పుడు ఆ మాట అనడానికి నోరు రాదు. ఉద్దానం కిడ్నీ జబ్బుకి ఆ నీళ్లే కారణమని కొందరు, ఎండలో ఒళ్లు హూనమయ్యే పని వల్లనని ఇంకొందరు. ఎన్నో బృందాలొచ్చి రక్తం, నీళ్లు, మట్టి పట్టుకెళ్లి పరీక్షలు చేశాయి గానీ ఇదీ కారణమని ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు. ఉద్దానంలో అక్షరం ముక్క రాని మనిషి కూడా, కిడ్నీ ఎలా పనిచేస్తోందో రక్తపరీక్షలో తెలిపే క్రియాటినిన్ తనకి ఎంతుందో పాయింట్లతో సహా చెబుతాడు. మావాడి నాన్నగారిదీ అదే దారైంది. నొప్పి లేదు, జ్వరం లేదు. కాళ్లు వాచాయని చూపిస్తే అప్పటికే ఆలస్యమైంది. డయాలసిస్ కోసం తెల్లవారుజామున బయల్దేరి విశాఖ వెళ్లడం, రాత్రికి వాడిపోయి తిరిగి రావడం. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, హిరమండలం నుంచి పైపుల్లో మంచినీళ్లు, రెండూ 2023 డిసెంబర్‌లో ప్రారంభమయ్యాయి. ఆయన అప్పటికి లేరు.

ఆ రోజు చీకటి పడేలోపు సైకిళ్ల మీద సముద్రం దాకా వెళ్లొచ్చాం. వెనక్కి తిరిగి చూస్తే పడమట మహేంద్రగిరి నీలంగా నిలబడి ఉంది. ఆ కొండల్లో పుట్టిన మహేంద్రతనయ బారువ దగ్గర సముద్రంలో కలుస్తుందని మావాడు చెయ్యి చాపి చూపించాడు. సోంపేట వైపు ఉన్న బీల గురించి కూడా అప్పుడే చెప్పాడు. వానాకాలం నీళ్లు నిలిచే పల్లపు నేల, చేపలు, పక్షులు, వరి. ఓ చెవిన విని ఊరుకున్నాను. ఆ నేలలో థర్మల్ ప్లాంటు వద్దని జనం తిరగబడి, 2010 జూలైలో పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోగొట్టుకున్నారని టీవీలో చూసినప్పుడు ఆ సాయంత్రం చాపిన చెయ్యి గుర్తొచ్చింది. ప్లాంటు రాలేదు. బీల ఉంది.

తర్వాత ఉద్యోగాలు, పెళ్లిళ్లు. మావాడు హైదరాబాద్‌లో స్థిరపడ్డాడు, తోట తమ్ముడు చూసుకున్నాడు. ప్రతి జూన్‌లో ఒక పనసకాయ మాత్రం ఎలాగోలా, తెలిసినవాళ్ల చేతుల మీదుగా, మా ఇంటికి వచ్చేది. మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్ రెండు రోజులు ఆ వాసనతో ఉండేది. కింది ఫ్లోర్ వాళ్లు ఒకసారి గ్యాస్ లీకయిందేమోనని అడిగారు.

2013లో ఫైలిన్ తుఫాను వచ్చినప్పుడు కొన్ని చెట్లు పోయాయి. "పర్లేదు, కొబ్బరికి తలలు నిలిచాయి" అన్నాడు తమ్ముడు ఫోన్లో. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకి 140 నుంచి 150 కిలోమీటర్లు. ఆ తర్వాత కొన్నాళ్లు అసలు ఫోనే కలవలేదు. దసరా వెళ్లిన మర్నాడు మావాడితో పాటు నేనూ వెళ్లాను. ఆ దారిలో నాకు తెలిసిన గుర్తు నీడ. ఈసారి నీడ లేదు. మునుపు చెట్ల వెనక దాగే ఇళ్లన్నీ ఎండలో బయటపడిపోయి, ఎవరిల్లు ఎక్కడుందో మావాడే తడుముకున్నాడు. కొబ్బరిచెట్లు కొన్ని నడిమికి విరిగాయి. కొన్ని నిలబడే ఉన్నాయి గానీ మొవ్వు మెలితిరిగిపోయింది, అవి ఇక కాయవు. జీడిచెట్లు వేళ్లు పైకి పెట్టి పడి ఉన్నాయి. మామ్మ పనస సాల మీద అడ్డంగా పడింది. మామ్మ అప్పటికి పోయి చాలా కాలమైంది, అదొక్కటే నయం అన్నారు వాళ్లమ్మగారు.

కలప కొనడానికి వచ్చినవాళ్లు చెప్పిన ధరలకి కోత కూలి కూడా రాదు. అంత చెట్టు ఒక్కసారి పడితే ఎవడు మాత్రం ధర పెడతాడు? ఊళ్లో మగవాళ్లు చాలామంది ఆ ఏడాదే పనులకి బయటి ఊళ్లు పోయారు. మావాడు అమ్మని హైదరాబాద్ రమ్మంటే ఆవిడ వినలేదు. "ఇక్కడ సూడ్డానికి ఏటీ నేదు, నిజివే. అక్కడ మాత్రం ఏటున్నాది?" అన్నారు.

తమ్ముడు మళ్లీ మొదలుపెట్టాడు. త్వరగా కాపుకొస్తుందని పొట్టి రకాల కొబ్బరి కొంత, తోడుగా దేశవాళీ కొంత. అంటు కట్టిన జీడి మొక్కలు. ఇప్పుడు మోటారుంది, పైపులున్నాయి, కావిళ్లు అటక మీదకి పోయాయి. మామ్మ పనస మొద్దు తీయించేటప్పుడు పక్కన ఓ మొలక కనపడింది. ఆ వేసవిలో రాలి కుళ్లిన పండులోంచి పడి మొలిచిన మొక్క. తమ్ముడు పీకేద్దామన్నాడు. పిక్క మొక్క తల్లి గుణం తప్పకుండా వస్తుందని నమ్మకం లేదు, నర్సరీలో మంచి అంటు దొరుకుతుంది అని. వాళ్లమ్మగారు దాని చుట్టూ కొబ్బరి మట్టలతో దడి కట్టించేశారు. "అత్త సెట్టు. ఎవడూ సెయ్యెయ్యకండి." ఏళ్ల తరబడి ఆ ఇంట్లో దాని మీద పందెం నడిచింది, గట్టి తొనలా మెత్తటి తొనలా అని.

పోయిన వేసవిలో దానికి తొలి కాపు వచ్చింది. రెండు కాయలు. కోసిన రోజు అందరం వీడియో కాల్‌లో ఉన్నాం, హైదరాబాద్ నుంచి మావాడు, ఇక్కణ్నుంచి నేను. తమ్ముడు కత్తి దించి, ఓ తొన వేళ్లతో ఎత్తి కెమెరాకి చూపించాడు. అది వేళ్ల మధ్యనుంచి జారి గోనె మీద పడింది. మెత్తటి తొనలు. "సెప్పాన్నేనా!" అని తమ్ముడు ఒకటే నవ్వు. వాళ్లమ్మగారు ఆ పడినదాన్నే తీసి నోట్లో వేసుకుని, తీరిగ్గా మింగి అన్నారు: "నాకు పళ్లెక్కడున్నాయిరా గట్టి తొనలు నవలడానికి? అత్తకి తెల్సు, అందుకే మెత్తనివి అంపింది. నువ్వు మాటాడకుండా ఆ రెండోది ఈలికి పార్సిలు కట్టు."